పుస్తకం లేని బండి
(ఇంట్లో కట్టుకున్న హాట్ రాడ్ – ట్యూనింగు, సంరక్షణ)



వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు ఎలాగూ ఉంటాయి, సైన్సుకి సంబంధించిన పాఠం ఒకటి రాయమని నన్ను అడిగారు. నేను ఎం.టెక్.లో చదువుతున్నది థర్మల్ ఇంజనీరింగ్. అంటే ఇంజన్లు, ఇంధనం, వేడి. అందులోంచి మీ పరీక్షల్లో రాని అంశం ఒకటి ఎంచుకున్నాను. అమెరికాలో మామూలు మనుషులు తమ ఇంటి షెడ్డులో సొంతంగా కట్టుకునే ఒక రకం కారు ఉంది. దాని పేరు హాట్ రాడ్. దాన్ని కట్టడం ఒక ఎత్తయితే, కట్టాక సరిచేసుకుంటూ, కాపాడుకుంటూ నడపడం ఇంకో ఎత్తు. ఆ రెండో పనిలో ఒక పద్ధతి ఉంది. అది టెన్త్ చదివే తమ్ముడికీ, ఐ.టి.ఐ.కి వెళ్ళే తమ్ముడికీ, ఇంజనీరింగ్ చదివే తమ్ముడికీ ఒకేలా పనికొస్తుంది. ఆ పద్ధతిని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హాట్ రాడ్ అంటే ఏమిటి?

ఫోర్డ్ కంపెనీ 1908 నుంచి 1927 వరకు 'మోడల్ టి' అనే కారు తయారు చేసింది. సుమారు కోటిన్నర బళ్ళు తయారయ్యాయి. అందువల్ల 1930ల నాటికి అమెరికాలో పాత ఫోర్డ్ కార్లు చాలా చవకగా దొరికేవి. అవి ఆర్థిక మాంద్యం రోజులు. కొత్త కారు కొనలేని కుర్రాళ్ళు పాత ఇనుప సామాన్ల యార్డుల్లో తిరిగి, ఒక బండి బాడీ, ఇంకో బండి ఇంజను, మరో బండి చక్రాలు ఏరుకొచ్చి ఒకటిగా కట్టుకున్నారు. బరువు తగ్గాలని మడ్‌గార్డులు ఊడదీశారు, పైకప్పు తీసేశారు.

1932లో ఫోర్డ్ కంపెనీ సామాన్యుడికి అందే ధరలో ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజను తెచ్చింది. 3.6 లీటర్ల ఆ ఇంజను శక్తి 65 హార్స్ పవర్. హాట్ రాడ్ కట్టేవాళ్ళకి నేటికీ ఆ 1932 ఫోర్డ్ అంటే ప్రాణం. కాలిఫోర్నియాలోని మొజావీ ఎడారిలో ఎండిపోయిన చెరువులు ఉన్నాయి. మ్యూరాక్, ఎల్ మిరాజ్ వాటిలో పేరున్నవి. అక్కడ నేల మైళ్ళ కొద్దీ బల్లపరుపుగా ఉంటుంది. కుర్రాళ్ళు తమ బళ్ళు అక్కడికి తీసుకెళ్ళి వేగం కొలుచుకునేవారు. ఆ పోటీలను ఒక క్రమంలో నడపడానికి 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో మెకానిక్ పని నేర్చుకున్న యువకులు 1945 తర్వాత ఇళ్ళకు తిరిగొచ్చాక ఈ ఉత్సాహం ఇంకా పెరిగింది. 1948 జనవరిలో 'హాట్ రాడ్' పేరుతోనే ఒక పత్రిక మొదలైంది. 1955లో షెవర్లే కంపెనీ చిన్న, తేలికైన వి-8 ఇంజను తెచ్చాక చాలామంది పాత ఫోర్డ్ బాడీలో ఆ షెవర్లే ఇంజను పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఎక్కువగా కనిపించే జోడీ అదే.

చిక్కు ఎక్కడ ఉంది?

కంపెనీ కారు కొంటే దానితో ఒక పుస్తకం ఇస్తారు. ఏ ఆయిలు పోయాలి, టైర్లలో ఎంత గాలి ఉండాలి, ప్లగ్గు గ్యాప్ ఎంత, ఏ ఫ్యూజు ఎక్కడ ఉంది – అన్నీ అందులో ఉంటాయి. మెకానిక్ దగ్గర ఇంకా పెద్ద పుస్తకం ఉంటుంది.

ఇంట్లో కట్టిన బండికి ఆ పుస్తకం లేదు. బాడీ ఒక కంపెనీది, ఇంజను వేరే కంపెనీది, బ్రేకులు మూడో బండివి, స్టీరింగు నాలుగో బండిది. దేనికి దాని పుస్తకం ఉండొచ్చు. కానీ నాలుగూ కలిసిన ఈ బండికి ప్రపంచంలో ఎక్కడా పుస్తకం లేదు. పైగా ఆ ఇంజను పుస్తకంలో రాసిన లెక్క ఈ బండికి సరిపోకపోవచ్చు. బరువు మారింది, రేడియేటర్ మారింది, సైలెన్సర్ మారింది, క్యామ్‌షాఫ్ట్ మారింది.

కాబట్టి హాట్ రాడ్ కట్టినవాడు రెండు పనులు చేయాలి. ఒకటి, బండి తనకు ఏం చెబుతోందో కొలిచి తెలుసుకోవాలి. రెండు, తెలుసుకున్నది రాసి పెట్టాలి. మిగతా పాఠమంతా ఈ రెండు మాటల వివరణే.

ముందు ఆగాలి, తర్వాతే పరుగు

ట్యూనింగు అనగానే అందరి కళ్ళూ ఇంజను మీదికే పోతాయి. తెలిసినవాళ్ళు మాత్రం బ్రేకులతో మొదలుపెడతారు. ఆగలేని బండికి బలం పెంచడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

పాత ఫోర్డ్ కార్లకి 1938 మోడల్ దాకా కడ్డీలతో పనిచేసే మెకానికల్ బ్రేకులే ఉండేవి. 1939లో ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులకు మారింది. అందుకే హాట్ రాడ్ కట్టేవాళ్ళు 1932 బండికి 1939 బ్రేకులు తెచ్చి బిగించేవారు. ఇప్పుడు ఎక్కువమంది డిస్కు బ్రేకులు వేస్తున్నారు. చాలా హాట్ రాడ్‌లలో మాస్టర్ సిలిండర్‌ని డ్రైవరు కాళ్ళ కింద, ఫ్లోరు దిగువన బిగిస్తారు. అప్పుడది చక్రాల దగ్గరి బ్రేకుల కన్నా పల్లంలో ఉంటుంది. బ్రేక్ ఆయిలు వెనక్కి జారి, పెడల్ మొదటి తొక్కుకి లోపలికి పోతుంది. దానికి విరుగుడుగా లైనులో చిన్న వాల్వు పెడతారు. అది డిస్కు బ్రేకులకి 2 పి.ఎస్.ఐ., డ్రమ్ములకి 10 పి.ఎస్.ఐ. ఒత్తిడి నిలబెడుతుంది.

బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. ఘాటు దిగేటప్పుడు బ్రేకులు కాగి ఆయిలు మరిగితే లైనులో ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు. అందుకే ఎంత తక్కువ తిరిగినా రెండేళ్ళకొకసారి బ్రేక్ ఆయిలు మార్చాలి.

తర్వాత స్టీరింగు. సైకిల్ ముందు ఫోర్కును పక్క నుంచి చూడండి. నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. సైకిల్ తిన్నగా పోవడానికి ఆ వాలు ఒక కారణం. కారు ముందు చక్రాలకి కూడా ఇలాంటి వాలు ఉంటుంది. దాన్ని క్యాస్టర్ అంటారు. పాత తరహా దూలం యాక్సిల్ ఉన్న హాట్ రాడ్‌కి సాధారణంగా 5 నుంచి 7 డిగ్రీలు పెడతారు. ముందు చక్రాలు రెండూ ముందు వైపు కొంచెం లోపలికి చూస్తుండాలి. ఆ తేడా 1.5 నుంచి 3 మిల్లీమీటర్లు. బండి వెనక భాగాన్ని ఎత్తు చేసినా దించినా క్యాస్టర్ మారుతుంది. 'అందం కోసం కొంచెం దించాను, అప్పటి నుంచి చక్రాలు వణుకుతున్నాయి' అనేవాడు కారణం ఇక్కడ వెతకాలి.

మూడోది నట్లు, బోల్టులు. కొత్తగా కట్టిన బండిలో ప్రతి భాగం మొదటి ప్రయాణంలో కొంచెం సర్దుకుంటుంది. గ్యాస్కెట్లు అణుగుతాయి, పెయింటు నలుగుతుంది, బిగువు తగ్గుతుంది. అందుకని మొదటి 50 మైళ్ళు తిరగగానే చక్రాల నట్లు మళ్ళీ టార్క్ రెంచితో చూడాలి. 100 మైళ్ళకి ఒకసారి, 500 మైళ్ళకి ఒకసారి బండిలోని ప్రతి బోల్టూ చూడాలి. బిగించిన ప్రతి నట్టు మీదా పెయింటుతో ఒక గీత గీస్తారు. గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగిందని అర్థం. రూపాయి ఖర్చు లేని ఈ ఉపాయం వందల గంటల కష్టాన్ని కాపాడుతుంది.

ఇంజను ట్యూనింగు – వరుస తప్పకూడదు

ఇంజను సరిగా లేదనిపించగానే కార్బొరేటర్ స్క్రూ తిప్పడం చాలామందికి అలవాటు. అది చివర చేయవలసిన పని. వరుస ఇది: కంప్రెషన్, వాల్వులు, పాయింట్లు, టైమింగ్, ఆ తర్వాతే కార్బొరేటర్. ముందున్నది మారితే వెనకున్నవన్నీ మారతాయి. వెనకున్నది మార్చితే ముందున్నది మారదు. ఈ వరుసకి కారణం అదే.

1. కంప్రెషన్: అన్ని ప్లగ్గులూ విప్పి, ఒక్కొక్క సిలిండర్‌కీ గేజి పెట్టి ఒత్తిడి చూడాలి. ఎనిమిదింటిలో తక్కువది ఎక్కువదానిలో 75 శాతానికి తగ్గకూడదు. ఎక్కువది 150 అయితే తక్కువది 112కి పైన ఉండాలి. ఏదైనా సిలిండర్ తక్కువ చూపితే అందులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ కొలవాలి. ఒత్తిడి పెరిగితే లోపం రింగుల్లో ఉంది. పెరగకపోతే వాల్వుల్లోనో, హెడ్డు గ్యాస్కెట్‌లోనో ఉంది. ఇక్కడ లోపం ఉంటే ఎన్ని స్క్రూలు తిప్పినా ప్రయోజనం లేదు.

2. పాయింట్లు: పాత తరహా డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు విడిపోయిన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పు పుడుతుంది. గ్యాప్ మారితే విడిపోయే క్షణం మారుతుంది, అంటే టైమింగ్ మారుతుంది. కనుక పాయింట్లు ముందు, టైమింగ్ తర్వాత.

3. టైమింగ్: ఇది ఫిజిక్స్ లెక్క. జాగ్రత్తగా చూడండి. ప్లగ్గు నిప్పు వేసిన వెంటనే సిలిండర్ మొత్తం ఒక్కసారిగా అంటుకోదు. మంట పాకడానికి సమయం కావాలి. లెక్క సులువు కోసం 2 మిల్లీసెకన్లు అనుకుందాం. ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరుగుతోందంటే సెకనుకి 50 సార్లు. ఒక్కో చుట్టుకి 360 డిగ్రీలు కాబట్టి సెకనుకి 18,000 డిగ్రీలు. 2 మిల్లీసెకన్లలో 36 డిగ్రీలు. అంటే పిస్టన్ పైకొనకు చేరడానికి 36 డిగ్రీల ముందే నిప్పు వేయాలి. అదే ఇంజను 800 చుట్లతో నెమ్మదిగా తిరుగుతుంటే సెకనుకి 4,800 డిగ్రీలు. 2 మిల్లీసెకన్లలో 10 డిగ్రీల లోపే.

ఇప్పుడు అమెరికా గ్యారేజీల్లో చిన్న షెవర్లే వి-8కి వాడే అంకెలు చూడండి. స్లో రన్నింగ్‌లో 8 నుంచి 12 డిగ్రీలు, 3,000 దాటాక మొత్తం 34 నుంచి 36 డిగ్రీలు. మన నోటు పుస్తకం లెక్క, వాళ్ళ షెడ్డులోని అంకె దగ్గర దగ్గరగా కలిశాయి. అసలు మంట పాకే సమయం ఎప్పుడూ ఒకేలా ఉండదు. గాలి, పెట్రోలు, లోడును బట్టి మారుతుంది. అయినా వేగం పెరిగే కొద్దీ నిప్పు ఎందుకు ముందుకు జరగాలో ఈ చిన్న లెక్క చెబుతుంది. డిస్ట్రిబ్యూటర్ లోపలి చిన్న బరువులు, స్ప్రింగులు చేసే పని అదే.

టైమింగ్ లైటుతో చూసేటప్పుడు వ్యాక్యూం పైపు విప్పి మూసేయాలి. లేకపోతే అంకె తప్పు చూపిస్తుంది. నిప్పు మరీ ముందు పడితే ఇంజను నాకింగ్ కొట్టి పిస్టన్లు దెబ్బతింటాయి. మరీ ఆలస్యమైతే బలం తగ్గి ఇంజను వేడెక్కుతుంది.

4. కార్బొరేటర్: ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. స్లో రన్నింగ్ మిశ్రమాన్ని చెవితోనే కాక వ్యాక్యూం గేజితో కూడా సరిచేస్తారు. స్క్రూను నెమ్మదిగా తిప్పుతూ ముల్లు ఎక్కడ ఎక్కువ చూపుతుందో, కదలకుండా ఎక్కడ నిలబడుతుందో అక్కడ వదలాలి. రెండు వైపుల స్క్రూలూ సమానంగా తిప్పాలి. మార్పులు చేయని మంచి ఇంజను సముద్ర మట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాలు చూపుతుంది. ప్రతి 1,000 అడుగుల ఎత్తుకీ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. రేసు తరహా క్యామ్‌షాఫ్ట్ వేసిన ఇంజను ఇంకా తక్కువ చూపుతుంది, అది లోపం కాదు. ముల్లు లయగా ఒక్కో కొట్టు కిందికి పడుతుంటే ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని అనుమానించాలి.

చెవి, కన్ను, గేజి

మా నాన్న ఊళ్ళో ఒక రైతు పొలం దగ్గర ఆయిల్ ఇంజను నడిపేవాడు. పొలం గట్టు మీద దూరంగా నిలబడి శబ్దం విని డీజిల్ సరిగా అందడం లేదనో, నీరు లాగడం లేదనో చెప్పేవాడు. ఆయన సంతకం నేర్చుకున్నది నేను టెన్త్‌లో ఉన్నప్పుడు. తర్వాత నడుము నొప్పితో ఆ పని మానేశాడు. ఆయన చోటులోకి వచ్చిన కుర్రాడు అదే విద్య మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళ అనుభవంలో ఒక్క ముక్క కూడా కాగితం మీద లేదు.

మెకానిక్ చెవిని నేను తక్కువ చేయడం లేదు. లోపం ఉందని ముందు పసిగట్టేది చెవే. కానీ చెవి తెలుసుకున్నది ఇంకొకరి చెవిలోకి పోదు. గేజి చూపిన అంకె పోతుంది. ప్లగ్గు రంగు కూడా అంతే. విప్పి చూస్తే పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే మంట బాగుంది. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా, పొక్కులతో ఉంటే పెట్రోలు చాలడం లేదు, లేదా వేడి ఎక్కువవుతోంది. జిడ్డుగా, తడిగా ఉంటే ఇంజనాయిలు పైకి వస్తోంది. ఎనిమిది ప్లగ్గులూ సిలిండర్ల వరుసలో బల్ల మీద పెట్టి చూడాలి. అన్నీ నల్లగా ఉంటే లోపం కార్బొరేటర్‌ది. ఒక్కటే నల్లగా ఉంటే లోపం ఆ సిలిండర్‌దో, దాని వైరుదో.

వేడి, పెట్రోలు, కరెంటు

ఇంటి బండ్లను ఎక్కువగా బాధపెట్టేవి ఈ మూడూ.

వేడి: చిన్న బండిలో పెద్ద ఇంజను పెట్టడంతో రేడియేటర్ చాలదు. ఎప్పుడు వేడెక్కుతోందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, రోడ్డెక్కాక చల్లబడితే గాలి చాలడం లేదని అర్థం. ఫ్యాను, దాని చుట్టూ ఉండే రేకు చూడాలి. ఆగినప్పుడు బాగుండి, వేగంలో వేడెక్కితే నీటి ప్రవాహం చూడాలి. రేడియేటర్ గొట్టాలు పూడిపోయి ఉండొచ్చు, కింది రబ్బరు పైపు లోపలికి ముడుచుకుపోతుండొచ్చు. రేడియేటర్ మూత మన వంటింటి ప్రెషర్ కుక్కర్ లాంటిదే. 14 పి.ఎస్.ఐ. ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలకు కాక సుమారు 120 డిగ్రీలకు మరుగుతుంది. ఇంజను వేడిగా ఉండగా మూత తిప్పితే ఆ నీరు ఒక్కసారి మరిగి, ఆవిరితో పాటు మొహం మీద పడుతుంది. ఎంత తొందరైనా మూత ముట్టకూడదు.

పెట్రోలు: అమెరికాలో ఇప్పుడు అమ్మే పెట్రోలులో ఎక్కువ భాగం 10 శాతం ఇథనాల్ కలిసినదే. అది పాత రకం రబ్బరు పైపులను మెత్తబరచి పాడుచేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. ఇథనాల్‌ని తట్టుకునే పైపులు వేయాలి. నెలల తరబడి బండి నిలిపేముందు ట్యాంకు, కార్బొరేటర్ సంగతి చూడాలి. మన దేశంలో 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇళ్ళలో పాత స్కూటరు, పాత మోటార్ సైకిల్ ఉన్నవాళ్ళు పెట్రోలు పైపును ఏడాదికొకసారైనా వంచి చూడండి. పగుళ్ళు కనిపిస్తే మార్చండి.

కరెంటు: ఇప్పటి హాట్ రాడ్‌లలో చాలా వాటి బాడీ ఫైబర్‌గ్లాసుది. ఇనుప బాడీ అయితే అదే ఎర్త్‌గా పనిచేస్తుంది. ఫైబర్ గుండా కరెంటు పోదు. కాబట్టి ప్రతి లైటుకీ, ప్రతి మీటరుకీ విడిగా ఎర్త్ వైరు వేయాలి. ఎడమ ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు మసకబారే వింత జబ్బులు ఎక్కువగా ఎర్త్ సరిగా లేకే వస్తాయి.

సంరక్షణ పట్టిక

ప్రతి ప్రయాణానికి ముందు: టైర్ల గాలి, ఇంజనాయిలు, బ్రేక్ ఆయిలు, లైట్లు, బండి కింద ఏమైనా కారిందా అని నేల.

ప్రతి 1,000 మైళ్ళకి: ముందు యాక్సిల్, స్టీరింగ్ జాయింట్లకి గ్రీజు. నట్ల మీద గీతలు. ఫ్యాను బెల్టు.

ప్రతి 3,000 మైళ్ళకి, లేదా ఏడాదికొకసారి: ఇంజనాయిలు, ఫిల్టరు. పాత తరహా ట్యాపెట్లు ఉన్న ఇంజనుకి జింకు పాలు ఎక్కువ ఉన్న ఆయిలు కావాలి. ఇప్పటి కార్ల ఆయిళ్ళలో అది తగ్గించారు. మామూలు ఆయిలు పోస్తే క్యామ్‌షాఫ్ట్ అరిగిపోవచ్చు.

రెండేళ్ళకొకసారి: బ్రేక్ ఆయిలు, రేడియేటర్ కూలెంట్.

టైర్లు: హాట్ రాడ్ ఏడాదిలో తిరిగేది తక్కువ. టైరు అరగకముందే ముసలిదవుతుంది. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గుండీ చూసి మోసపోకుండా ఈ అంకె చూడాలి.

ఒకసారి ఒక్కటే

ఇక అసలు పద్ధతి. ఇంజను బాగా లేదు. మీరు టైమింగ్ 2 డిగ్రీలు ముందుకు జరిపారు, కార్బొరేటర్ జెట్టు మార్చారు, కొత్త ప్లగ్గులు వేశారు. బండి బాగుపడింది. దేనివల్ల? తెలియదు. రేపు మళ్ళీ పాడైతే ఏం చేయాలి? తెలియదు. మూడింటిలో ఒకటి మేలు చేసి, ఇంకొకటి కీడు చేసి ఉండొచ్చు. అదీ తెలియదు.

అందుకే ఒకసారి ఒక్కటే మార్చాలి. అదే రోడ్డు, అదే దూరం, అదే వేగంతో నడిపి చూడాలి. ఫలితం రాయాలి. మేలు జరగకపోతే మళ్ళీ పాత స్థానానికి తెచ్చి, అప్పుడు రెండోది మార్చాలి. నెమ్మదిగా అనిపిస్తుంది, కానీ చివరికి ఇదే దగ్గరి దారి. మీ సైన్సు పుస్తకంలో ప్రయోగం అంటే ఇదే. ల్యాబ్‌లో చేసినా షెడ్డులో చేసినా నియమం ఒక్కటే.

ఆ నోటు పుస్తకంలో ఇలా ఉంటుంది: తేదీ, మీటరు రీడింగు, ముందు ఎంత ఉంది, ఎంతకి మార్చాను, ఏం జరిగింది. వెనక పేజీల్లో భాగాల జాబితా ఉంటుంది – ముందు బ్రేకు ప్యాడ్లు ఏ సంవత్సరపు ఏ కారువి, వాటర్ పంపు ఏ ఇంజనుది, బెల్టు నంబరు ఎంత, ఏ రంగు వైరు ఎక్కడికి పోతుంది, ఏ ఫ్యూజు దేనికి. ఇంటికి 300 మైళ్ళ దూరంలో బెల్టు తెగితే, షాపువాడు 'ఏ బండి?' అని అడుగుతాడు. '1932 ఫోర్డ్' అని చెబితే వాడిచ్చే బెల్టు పనికిరాదు. నోటు పుస్తకంలోని నంబరు పనికొస్తుంది.

ఇంకో సంగతి. కట్టినవాడు ముసలివాడవుతాడు. బండి కొడుకు చేతికో, కూతురి చేతికో, కొనుక్కున్నవాడి చేతికో వెళుతుంది. నోటు పుస్తకం కూడా వెళితే బండి నడుస్తుంది. పుస్తకం లేకపోతే అందమైన ఇనుము షెడ్డులో మిగులుతుంది. బండి ఎవరికి చేరుతుందో తెలియకపోయినా, ఆ పుస్తకం వాళ్ళ కోసం కూడా రాసినదే.

మన దగ్గర

ఇది చదివి ఎవరూ మోటార్ సైకిల్ సైలెన్సర్ కోసే పని పెట్టుకోవద్దు. మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అమెరికాలో ఇంట్లో కట్టిన బండిని రిజిస్టరు చేయించుకునే దారి ఉంది. ప్రతి రాష్ట్రానికీ దాని నిబంధనలు ఉన్నాయి.

మరి మనలో బండి కట్టాలనే కోరిక ఉన్నవాడికి దారి లేదా? ఉంది. ఎస్.ఎ.ఇ. ఇండియా వారు 2007 నుంచి నడుపుతున్న 'బాహా' పోటీల కోసం ఇంజనీరింగ్ విద్యార్థులు ఒంటి సీటు బండిని సొంతంగా కడతారు. దాన్ని రోడ్డు మీద కాక పోటీ మైదానంలో నడుపుతారు. అక్కడ కూడా పరుగుకి ముందు బ్రేకుల పరీక్ష పాసవ్వాలి. టెన్త్ తర్వాత ఐ.టి.ఐ.లో మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడు రెండేళ్ళ కోర్సు. 'మెకానిక్ పనా?' అని ఎవరైనా మూతి విరిస్తే పట్టించుకోకండి. పైన చెప్పిన డిగ్రీలు, ఒత్తిళ్ళు, నిష్పత్తులు అన్నీ చదువే. చేతికి నల్లని గ్రీజు అంటినంత మాత్రాన అది చదువు కాకుండా పోదు.

చివరగా ఒక మాట. మనలో చాలామంది ఇళ్ళలో మనమే మొదట చదువుకుంటున్నవాళ్ళం. డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలి, ఫారం ఎక్కడ నింపాలి, స్కాలర్‌షిప్ ఆగితే ఎవరిని కలవాలి – దేనికీ మన ఇంట్లో ముందే రాసిన పుస్తకం లేదు. ఒక్కొక్కరం విడివిడిగా తెలుసుకుంటున్నాం. తెలుసుకుని వెళ్ళిపోతున్నాం. వెనక వచ్చే తమ్ముడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాడు.

అందుకని నాది ఒక ప్రతిపాదన. ఈ వసతి గృహంలో రెండు లాంగ్ నోటు పుస్తకాలు పెడదాం. మొదటిది సామాన్లది: బోరు మోటారు ఎప్పుడు పాడైంది, ఏం మార్చారు, ఎంతయింది, స్విచ్ బోర్డులో ఏ ఫ్యూజు ఏ గదిది. రెండోది చదువుది: ఏ పరీక్షకి ఎప్పుడు ఫారం వస్తుంది, ఏ కాగితాలు కావాలి, ఎక్కడ ఆలస్యమైంది, ఎలా పూర్తయింది. తేదీ వేసి, జరిగింది జరిగినట్టు రాయాలి. పూర్వ విద్యార్థులైన అన్నలు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు రెండో పుస్తకంలో తలా ఒక పేజీ రాసి వెళ్ళాలని మనవి. మొదటి పేజీ, ఎం.టెక్. ప్రవేశానికి గేట్ పరీక్ష ఎలా రాయాలో, ఆ రోజే నేను రాసి ఇస్తాను.

మీరు చేసి చూడండి

1. ఇంజను నిమిషానికి 1,500 సార్లు తిరుగుతోంది. మంట పాకడానికి 2 మిల్లీసెకన్లు పడితే, పిస్టన్ పైకొనకు ఎన్ని డిగ్రీల ముందు నిప్పు వేయాలి? (జవాబు: 18)

2. ఎనిమిది సిలిండర్ల కంప్రెషన్ 160, 155, 158, 160, 110, 157, 159, 156. ఏ సిలిండర్‌లో లోపం ఉంది? తర్వాత ఏ పరీక్ష చేయాలి?

3. మీ ఇంట్లోని బండి టైరు మీద తయారైన వారం, సంవత్సరం చదివి రాయండి.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.టెక్. (థర్మల్ ఇంజనీరింగ్)